నెరిసిన తలకు ఆదరణ

తలలో మొదటి తెల్ల వెంట్రుక కనిపించిన నాడు మనిషి చేసే మొదటి పని దాన్ని పెరికివేయడం. నాలుగు కనిపించిన నాడు అంగడికి వెళ్ళి రంగు పొట్లం తెచ్చుకోవడం. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, చేతులు తల దాకా లేవని వయసులో, అదే జుట్టు ఇంట్లో మరొకరి చేతుల్లోకి వెళుతుంది. అప్పటికి అది పూర్తిగా తెల్లబడి ఉంటుంది, పలుచబడి ఉంటుంది. చిక్కు పడిందా, దురద పెడుతోందా, స్నానం చేయించి ఎన్నాళ్ళయింది అని అడిగేవారు తక్కువవుతారు. జుట్టు తెల్లబడటం మొదలైనప్పుడు మనం చూపే ఆత్రుతలో పదోవంతు కూడా అది తెల్లబడిన తర్వాత చూపడం లేదు. ఈ నెల ఈ శీర్షికలో ఈ సంగతినే పాఠకుల ముందుంచదలిచాము.

తెల్లదనం ఎందుకు వస్తుంది?

వెంట్రుక కుదురులో రంగును తయారుచేసే కణాలుంటాయి. మెలనిన్ అనే వర్ణకాన్ని అవి పెరుగుతున్న వెంట్రుకకు అందిస్తూ ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఆ కణాలు తగ్గిపోతాయి, వర్ణకం అందని వెంట్రుక తెల్లగా బయటికి వస్తుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరిగే ఈ వెంట్రుక చర్మం దాటి వచ్చాక జీవం లేని పోగు మాత్రమే. కనుక పైన రాసిన నూనె ఏదీ లోపల ఆగిపోయిన రంగును తిరిగి పుట్టించజాలదు. నెల రోజుల్లో తెల్లజుట్టు నల్లబడుతుందని చెప్పి అమ్మే తైలాలకు డబ్బు పోయడం వృథా.

ఎవరి తల ఎప్పుడు నెరుస్తుందన్నది ప్రధానంగా వంశపారంపర్యాన్ని బట్టి ఉంటుంది. తండ్రికో తాతకో ముప్పై ఏళ్ళకే నెరిసి ఉంటే బిడ్డలకూ ఆ అవకాశం ఎక్కువ. అయితే పాతికేళ్ళు నిండకముందే తల నెరవడం మొదలైతే ఒకసారి వైద్యుణ్ణి సంప్రదించడం మంచిది. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ గ్రంథి లోపాలు, పొగతాగే అలవాటు అకాలపు నెరుపుతో ముడిపడి ఉన్నాయి. మధుమేహానికి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడే పెద్దల్లో బి12 తగ్గే వీలుంది. జుట్టు రంగు కోసం కాకపోయినా, నరాల బలం కోసం వారు ఆ పరీక్ష చేయించుకోవాలి.

ఒక తెల్ల వెంట్రుకను పెరికితే దాని చోట రెండు మొలుస్తాయన్నది నిజం కాదు. ఆ కుదురు నుంచి మళ్ళీ తెల్ల వెంట్రుకే వస్తుంది. పదేపదే పెరికితే మాత్రం కుదురు దెబ్బతిని అక్కడ జుట్టు పలుచబడుతుంది. నెరిసిన వెంట్రుకలను పెరకవద్దని మహాప్రవక్త ముహమ్మద్ (స) వారించినట్లు, వాటిని విశ్వాసికి కాంతిగా పేర్కొన్నట్లు అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది.

దివ్య ఖుర్‌ఆన్ కూడా తల నెరుపును మానవ జీవిత దశల్లో ఒకటిగానే ప్రస్తావించింది. మనిషిని బలహీన స్థితిలో పుట్టించి, బలాన్నిచ్చి, తిరిగి బలహీనతను, నెరుపును ఇచ్చేది అల్లాహ్‌యేనని సూరా రూమ్ తెలుపుతుంది. హజ్రత్ జకరియ్యా (అలైహి) తమ ఎముకల బలహీనతను, నెరిసిన తలను ప్రభువు ముందు చెప్పుకుని సంతానం కోరిన ప్రార్థన సూరా మర్యమ్‌లో ఉంది. ఒక ప్రవక్త తన వార్ధక్యాన్ని దాచుకోలేదు. దాన్నే విన్నపంగా మార్చుకున్నారు.

అబూ ఖుహాఫా వృత్తాంతం

హిజ్రీ 8వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 630లో, మక్కా విజయం నాటి సంఘటన ఇది. హజ్రత్ అబూబక్ర్ (రజి) చూపు కోల్పోయిన తమ వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను ప్రవక్త (స) సన్నిధికి తీసుకువచ్చారు. పెద్దాయనను ఇంటి వద్దనే ఉంచి ఉంటే తామే అక్కడికి వెళ్ళేవారము కదా అన్న భావం ప్రవక్త (స) వ్యక్తం చేశారని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. విజేతగా నగరంలో ప్రవేశించిన రోజున, ఒక ముసలివాని కాళ్ళకు శ్రమ కలిగిందే అన్న ఆలోచన ముందుగా వచ్చింది. అబూ ఖుహాఫా ఇస్లాం స్వీకరించారు.

ఆయన తల, గడ్డం సగామా అనే తెల్లని పూల మొక్కలా తెల్లగా ఉన్నాయట. ఆ తెలుపును దేనితోనైనా మార్చమని, నలుపును మాత్రం విడిచిపెట్టమని ప్రవక్త (స) ఆదేశించారని సహీహ్ ముస్లింలో ఉంది. ఆ పని ఆయన ఇంటి స్త్రీలకే అప్పగించారని కూడా ఆ ఉల్లేఖనంలో ఉంది. వృద్ధుని జుట్టును సవరించే బాధ్యత కుటుంబానిదేనని దీనివల్ల మనకు తెలుస్తోంది.

రంగు విషయంలో సహాబాల ఆచరణ ఒకే తీరున లేదు. హజ్రత్ అబూబక్ర్ (రజి) గోరింటాకును, కతమ్ అనే ఆకును కలిపి వాడేవారు. హజ్రత్ ఉమర్ (రజి) గోరింటాకు ఒక్కటే వాడేవారు. హజ్రత్ అలీ (రజి) గడ్డం తెల్లగానే ఉండేదని చరిత్రకారులు రాశారు. నెరుపును మార్చడానికి శ్రేష్ఠమైనవి గోరింటాకు, కతమ్ అని ప్రవక్త (స) చెప్పినట్లు అబూదావూద్, తిర్మిజీల్లో ఉంది. శుద్ధ నలుపు గురించి మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ విధానపు పండితులు సాధారణంగా వారించారు, పూర్వ పండితుల్లో కొందరు అనుమతించారు. ఈ విషయంలో సందేహమున్నవారు తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. మేము ఇక్కడ చెప్పదలిచినది ఆ నల్ల పొట్లంలో ఏముందన్నది.

నల్ల పొట్లంలో ఏముంది?

గోరింటాకులో ఉండే రంగు పదార్థం పేరు లాసోన్. అది వెంట్రుకలోని కెరటిన్ అనే మాంసకృత్తును అంటిపెట్టుకుని నారింజ, ఎరుపు ఛాయలనిస్తుంది. స్వచ్ఛమైన గోరింటాకు ఎంతసేపు ఉంచినా నల్లరంగు ఇవ్వదు. కనుక అరగంటలో నల్లగా పండే ‘నల్ల మెహందీ’లో గోరింటాకుతో పాటు మరేదో ఉందని గ్రహించాలి. సాధారణంగా అది పారాఫినిలీన్ డయమైన్ అనే రసాయనం, క్లుప్తంగా పీపీడీ. ద్రవరూపంలో, పొడిరూపంలో అమ్మే చాలా నల్ల రంగుల్లో ఇదే పనిచేసే పదార్థం. అమెరికాలోని స్పర్శజన్య చర్మవ్యాధుల వైద్యుల సంఘం 2006లో దీనిని ఆ ఏటి ప్రధాన అలర్జీ కారకంగా ప్రకటించింది. ఐరోపా దేశాల్లో తలకు పట్టించే మిశ్రమంలో ఇది 2 శాతానికి మించరాదన్న నిబంధన ఉంది.

దీని స్వభావం వింతైనది. పదేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా వాడినవారికి పదకొండో ఏట ఒక్కసారిగా పడకపోవచ్చు. నెత్తి దురద, చెవుల వెనుక నీటి పొక్కులు, కనురెప్పల వాపు, ముఖమంతా ఉబ్బడం దాని లక్షణాలు. ఒకసారి శరీరం దీన్ని శత్రువుగా గుర్తించిందంటే ఆ గుర్తింపు సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పండుగ ముందురోజు రాత్రి ఆడపిల్లల చేతులకు నల్ల మెహందీ కోన్‌తో డిజైన్లు వేయించే తల్లులు కూడా ఈ మాట గమనించాలి. ఆ నల్ల కోన్‌లోనూ పీపీడీ ఉండే అవకాశముంది. పదేళ్ళ వయసులో చేతికి పడనిది, నలభై ఏళ్ళ వయసులో తలకు రంగు వేసుకున్నప్పుడు ప్రమాదంగా తిరిగి వస్తుంది.

‘అమ్మోనియా లేదు’ అని పొట్లం మీద ఉంటే పీపీడీ లేదని అర్థం కాదు. ‘హెర్బల్’ అన్న మాట, ఆకుల బొమ్మ కూడా హామీ కావు. పొట్లం వెనుక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల పట్టికనే చదవాలి. పెద్దలకు కళ్ళద్దాలతోనూ ఆ అక్షరాలు కనబడకపోతే పిల్లలు చదివి పెట్టాలి. అయినా రసాయన రంగే వాడాలనుకుంటే, వాడే ప్రతిసారీ 48 గంటల ముందు చెవి వెనుకో మోచేతి మడతలోనో చిన్న చుక్క పూసి చూడాలి. ఎర్రబడినా, దురద పుట్టినా ఆ రంగు ఇక ముట్టకూడదు. కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు ఎన్నడూ వేయకూడదు.

మరొక హెచ్చరిక అత్యవసరం. ఈ రంగు పొరపాటున కడుపులోకి వెళితే ప్రాణాంతకం. నాలుక, గొంతు వాచి ఊపిరి అందదు. కండరాలు దెబ్బతిని, మూత్రం ముదురు రంగుకు మారి, మూత్రపిండాలు పాడవుతాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. మన తెలుగు జిల్లాల ఆసుపత్రులకు ఇటువంటి కేసులు కొత్త కాదు. కనుక రంగు సీసాను స్నానాల గది గూట్లో నూనె సీసా పక్కన ఉంచకండి. పిల్లలకు, మతిమరుపున్న పెద్దలకు, మనసు కుంగి ఉన్నవారికి అందని చోట తాళం వేసి ఉంచండి. ఎవరైనా మింగారని తెలిస్తే, బాగానే ఉన్నట్లు కనిపించినా, ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

గోరింటాకు వాడే తీరు

పెరట్లో చెట్టు ఉన్నవారికి లేత ఆకు నూరుకోవడం అన్నిటికంటే మేలు. పొడి కొనేవారు పదార్థాల పట్టికలో గోరింటాకు తప్ప మరొకటి లేనిదాన్ని ఎంచుకోవాలి. రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతపు మెహందీ దేశమంతటా పేరుపొందినది, దానికి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే పొట్లం మీద ఊరి పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. దువ్వెనకు రాలిన నాలుగు తెల్ల వెంట్రుకలకు పట్టించి చూస్తే నిజం తెలుస్తుంది. నారింజ ఛాయ వస్తే అది గోరింటాకు, నలుపు వస్తే అందులో ఏదో కలిసింది.

పొడిని గోరువెచ్చని నీటితో చిక్కగా కలిపి కొన్ని గంటలు నాననివ్వాలి. తలస్నానం చేసి ఆరిన జుట్టుకు, పాయలు తీసి, కుదుళ్ళ నుంచి పట్టించాలి. రెండు మూడు గంటలు ఉంచి మంచినీటితో శుభ్రంగా కడగాలి. ఆ రోజు షాంపూ వాడకుండా ఉంటే రంగు బాగా నిలుస్తుంది. గోరింటాకు జుట్టును కొంత పొడిబారేలా చేస్తుంది కనుక మరునాడు నూనె రాయాలి. నెలకొకసారి కొత్తగా పెరిగిన కుదుళ్ళకు మాత్రమే పెడితే చాలు. ఎరుపు ఇష్టం లేనివారు నీలి ఆకు పొడిని గోరింటాకుతో కలిపి పెట్టుకుంటే గోధుమ ఛాయ వస్తుంది. జలుబు, కీళ్ళ నొప్పులున్న వృద్ధులకు ఎండపొద్దున, గాలి తగలని గదిలో పెట్టాలి. ఎక్కువసేపు ఉంచరాదు.

వుజూ విషయంలో కొందరికి సందేహం కలుగుతుంది. గోరింటాకు వదిలే రంగు వెంట్రుకకు అంటిన ఛాయే గాని నీటిని ఆపే పొర కాదు, కనుక వుజూకు, గుసుల్‌కు అడ్డం రాదు. ముద్ద తల మీద ఉన్నంతసేపు మాత్రం నీరు జుట్టును తాకదు. నమాజు వేళలు చూసుకుని, ఉదాహరణకు జుహర్ తర్వాత పెట్టి అస్ర్‌కు ముందు కడిగేలా, సమయం నిర్ణయించుకోవడం మంచిది.

పసిపిల్లలకు మాత్రం గోరింటాకు పెట్టవద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డల్లో అది ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసే ప్రమాదముంది. ఆ లోపమున్న పెద్దలకూ ఇదే వర్తిస్తుంది.

రోజువారీ సంరక్షణ

వయసుతో పాటు నెత్తి మీద సహజమైన జిడ్డు తగ్గుతుంది. అందుకే నెరిసిన జుట్టు గరుకుగా, పెళుసుగా ఉంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు గోరువెచ్చని నీటితో, ఘాటు తక్కువ ఉన్న షాంపూతో కడిగితే చాలు. వేడినీళ్ళు ఉన్న కాస్త జిడ్డునూ తీసివేస్తాయి. కుంకుడు రసం వాడే ఇళ్ళలో పెద్దల కళ్ళ మీద తడిగుడ్డ ఉంచాలి, అది కంట్లో పడితే మంట తీవ్రంగా ఉంటుంది. స్నానానికి ముందు కొబ్బరినూనె రాయడం మన పెద్దల అలవాటు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి మాంసకృత్తు నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో వెలువడిన ఒక భారతీయ పరిశోధన చూపింది. ఆకుపచ్చ, ఎర్ర రంగు కలిపిన నూనెలు తెల్లజుట్టుకు మరకలాంటి ఛాయను అంటిస్తాయి కనుక వాటిని మానాలి.

పరదా పాటించే స్త్రీలు రెండు విషయాలు గమనించాలి. తడి జుట్టును ముడివేసి పైన ఓణీ బిగిస్తే నెత్తి మీద దురద, దుర్వాసన మొదలవుతాయి. బాగా ఆరిన తర్వాతే కప్పుకోవాలి. రెండోది, కొప్పును, లోపలి టోపీని బిగుతుగా లాగి కట్టడం వల్ల నుదుటి మీది వెంట్రుకలు క్రమంగా ఊడిపోతాయి. ఇంట్లో ఉన్నప్పుడు జుట్టును వదులుగా ఉంచాలి. ఎండ తగిలితే తెల్లజుట్టు పసుపుబారుతుంది కనుక, కప్పుకునే గుడ్డ దాని తెలుపును కాపాడుతుంది. పురుషులు వుజూ చేసేటప్పుడు గడ్డాన్ని వేళ్ళతో తడపడంతో సరిపెట్టక, వారానికి రెండుసార్లు దాని కింది చర్మాన్ని కడిగి రెండు చుక్కల నూనె రాయాలి.

జుట్టు ఉన్నవారు దాన్ని గౌరవించాలన్నది ప్రవక్త (స) బోధన. అదే సమయంలో, రోజంతా దువ్వుకుంటూ అలంకరణలోనే గడపడాన్ని ఆయన ఇష్టపడలేదు. ఈ రెండు హద్దుల మధ్యనే మన శ్రద్ధ ఉండాలి.

మంచం పట్టిన పెద్దల జుట్టు

ఈ విషయం చెప్పడానికే ఇంతదూరం వచ్చాము. అమ్మ మంచం పట్టిందంటే చాలా ఇళ్ళలో మొదట జరిగే పని ఆమె జుట్టు కత్తిరించడం. ‘చూసుకోవడానికి సులువు’ అన్నది కారణం. ఆమెను ఎవరూ అడగరు. అరవై ఏళ్ళు జడ వేసుకున్న మనిషి ఒక మధ్యాహ్నం నిద్రలేచి చేత్తో మెడ తడుముకుంటుంది.

జుట్టు పొట్టిగా చేసుకోవడం తప్పు కాదు. మహాప్రవక్త (స) సతీమణులు తమ కురులను చెవుల దాకా కత్తిరించుకున్నారని సహీహ్ ముస్లింలో ఉంది. కాని అది వారు తమకు తాముగా తీసుకున్న నిర్ణయం. మన అమ్మీని, దాదీని, నానీని కూడా అడగాలి. ‘ఇంతవరకు తీయనా?’ అని చేత్తో చూపించి అడగాలి. వద్దంటే ఆగాలి. మాట స్పష్టంగా రానివారు కూడా తల ఊపి ఇష్టాయిష్టాలు తెలుపగలరు.

పొడవు జుట్టును మంచం మీదనే కాపాడవచ్చు. తల వెనుక ముడి వేయకండి, అది దిండుకు ఒత్తుకుని పుండు చేస్తుంది. రెండు వైపులా రెండు వదులైన జడలు వేయండి. చిక్కు తీసేటప్పుడు పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి పైకి రండి, కుదుళ్ళను మరో చేత్తో పట్టుకోండి. తల వెనుక చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి.

తలస్నానం చేయించడానికి మంచం దింపనక్కరలేదు. తలను మంచం అంచుకు జరిపి, భుజాల కింద దిండు పెట్టండి. తల కింద ప్లాస్టిక్ షీటు పరిచి, రెండంచులూ చుట్టి కాలువలా చేసి, కొస బకెట్‌లోకి వదలండి. చెవుల్లో దూది, కళ్ళ మీద మెత్తని గుడ్డ ఉంచండి. నీటి వేడిని మీ మణికట్టు మీద చూసుకున్నాకే చిన్న చెంబుతో పోయండి. గోళ్ళు తగలకుండా వేళ్ళ మెత్తని భాగంతో రుద్దండి. రుద్దకుండా, అద్దుతూ తుడిచి త్వరగా ఆరబెట్టండి. మతిమరుపున్నవారు నీటికి భయపడతారు. అందువల్ల ప్రతి పనినీ చేసే ముందు నోటితో చెప్పండి. తమ చేత్తో దువ్వుకోగలిగినంత కాలం దువ్వెనను వారి చేతికే ఇవ్వండి.

ఈ పనంతా కోడలిదే అనుకోవడం మన ఇళ్ళలోని మరొక పొరపాటు. తల్లి జుట్టును చూడటానికి, దువ్వడానికి కొడుకుకు, మనవడికి ధర్మం అడ్డు చెప్పదు, వారు ఆమెకు మహ్రమ్‌లు. తల్లిదండ్రుల సేవ మొదటి బాధ్యతగా సంతానం మీదే ఉంది. ఎతెకాఫ్‌లో ఉన్న ప్రవక్త (స) మస్జిదు నుంచి తల బయటికి చాచితే హజ్రత్ ఆయిషా (రజి) ఆయన జుట్టు దువ్వేవారని సహీహ్ బుఖారీలో ఉంది. దువ్వడం, దువ్వించుకోవడం మన ఆదర్శ గృహంలో నమోదైన మర్యాద. నెరిసిన తల గల విశ్వాసిని గౌరవించడం అల్లాహ్ మహిమను గౌరవించడంలో భాగమని అబూదావూద్ ఉల్లేఖనం తెలుపుతోంది. ఆ గౌరవం సలాము చెప్పి దాటిపోవడంతో తీరదు.

వచ్చే శుక్రవారం జుమా స్నానానికి సిద్ధమయ్యే ముందు, ఇంట్లోని పెద్దల పక్కన పావుగంట కూర్చోండి. గిన్నెలో కాస్త గోరువెచ్చని కొబ్బరినూనె, ఒక దువ్వెన చాలు. పనిలో పనిగా స్నానాల గది గూట్లో రంగు సీసా ఎక్కడుందో కూడా చూసి తాళం వేయండి. మన పెద్దల వార్ధక్యాన్ని సుఖమయం చేసే శక్తిని, ఆ సేవలో ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.